మూయివా వాళ్లమ్మ పిల్లలు

రెండింటికి అని ఉంది కదా అని హిలరీ రెండింటికే వచ్చింది. నిజానికి ముందే వచ్చి, మరీ ముందెళ్తే బాగుండదని కార్లో కూర్చుని, రెండయ్యాక లోపలికి అడుగుపెట్టి చూస్తే పనివాళ్లు తప్ప నరమానవుడు లేడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు గోడకి ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి, ఒకతను నిచ్చెనెక్కి బంగారు రంగు బుడగలు కడుతున్నాడు, ఇంకొకతను మైకు నోటి దగ్గర పెట్టుకుని హలో హలో అని తనని తనే పలకరించుకుంటున్నాడు. తప్పు హాలుకి వచ్చానా, ఇది ఎవరిదైనా పెళ్లా అనుకుంది. కానీ వేదిక మీద నిలువెత్తు ఫోటోలో, తలకి నీలం గుడ్డ గోపురంలా చుట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది యునీసే, తనని కన్నతల్లే. "వస్తారు, వస్తారు, కూర్చోండి మేడమ్" అన్నాడు నిచ్చెన మీది మనిషి, ఆమె వాచీ చూసుకోవడం చూసి నవ్వు బిగపట్టుకుంటూ. వంటగది తలుపు పక్కన, స్తంభం చాటున ఉన్న ఆఖరి బల్ల దగ్గర తనే ఒక కుర్చీ దించుకుని కూర్చుంది. లేచి వెళ్లిపోవాలనిపిస్తే ఎవరికీ కనపడకుండా వెళ్లిపోవచ్చు.

పొద్దున చర్చికీ శ్మశానానికీ వెళ్లలేదు. వెళ్తే గొయ్యి దగ్గర ఎక్కడ నిలబడాలి? కుటుంబం ఒక వైపూ, వచ్చినవాళ్లు ఒక వైపూ నిలబడతారు కదా, తను ఎటు వైపు అనేది తేల్చుకోలేక రాత్రంతా పక్క మీద అటూ ఇటూ దొర్లి, తెల్లారాక విందుకి మాత్రం వెళ్దాం, విందులో అయితే ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు అనుకుంది. పిలుపు వచ్చిందన్న మాటేగానీ ఆ పిలుపు ఎలాంటిదో తెలియదు. ఫోన్లో ఒక సందేశం: మా అమ్మ ఫోన్లో మీ నంబరు ఉంది, అమ్మ తన పరుగు ముగించింది, ఆమె జీవితాన్ని సంబరం చేసుకోవడానికి లండన్లో థేమ్స్‌మీడ్‌కి రండి, ఇట్లు మూయివా. అదే సందేశం ఆ ఫోన్లో ఉన్న పళ్ల డాక్టరుకీ, చేపల కొట్టతనికీ కూడా వెళ్లే ఉంటుంది. మూయివా అంటే యునీస్ పెద్దకొడుకు, అంటే తనకి తమ్ముడు, ఆ సంగతి అతనికి తెలుసో లేదో దేవుడికే తెలియాలి. ఫోటో కింద పెద్ద అక్షరాలతో మూయివా వాళ్లమ్మ అని రాసి ఉంది. వాళ్లలో అంతే, తల్లిని తొలి బిడ్డ పేరుతో పిలుస్తారు, సొంత పేరు పెళ్లికి ముందు మాట. తొలి బిడ్డ! హిలరీ ఆ అక్షరాల వైపు చూడకూడదనుకుని మళ్లీ చూసింది. మొరెనికె వాళ్లమ్మ. ఎవరూ ఎప్పుడూ అనని మాట, పెదవులు కదపకుండా లోపలే అనుకుంటే వింతగా ఉంది, వేరే ఎవరి గురించో అనుకున్నట్టు. ఆ పేరు హిలరీ పుట్టినప్పటి కాగితాల్లో తప్ప ఇంకెక్కడా లేదు, కాగితాల్లోంచి కూడా తొమ్మిదో ఏట తీసేశారు.

గౌను మోకాళ్ల మీదికి లాక్కుంది. నల్ల గౌను, మెడ దాకా బొత్తాలు, జీన్ పోయినప్పుడు కొన్నది. జీన్ అంటే పెంచిన తల్లి, బెక్స్‌హిల్‌లో సముద్రం ఒడ్డున చిన్న ఇల్లు, మేడ మీద గదిలో నిద్ర లేస్తే కిటికీలో సముద్రం, కింద జీన్ భర్త రాన్ పెట్టిన రేడియో, ఆదివారం కాల్చిన మాంసం వాసన. జీన్‌ని గురించి చెడ్డమాట అనాలంటే నోరు రాదు. జ్వరం వస్తే రాత్రంతా పక్కనే కూర్చునేది, బడిలో ఎవడో ముఖం కడుక్కోలేదా అని ఏడిపిస్తే ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బడికి వెళ్లి హెడ్మాస్టర్ని దులిపేసింది. ఆ ఊళ్లో నల్లరంగు మనిషి తనొక్కతే. జీన్ అంత్యక్రియల్లో చర్చి చల్లగా ఉంది, అందరూ గుసగుసగా మాట్లాడారు, దోసకాయ ముక్కలు పెట్టిన సాండ్విచ్‌లు తిన్నారు, అంతా పద్ధతిగా జరిగిందని ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు. జీన్ దూరపు చుట్టం ఒకావిడ హిలరీ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "ఆఖర్లో ఎంత బాగా చూసుకున్నారండీ, మీలాంటి నర్సులు దొరకడం అదృష్టం" అంది. హిలరీ థాంక్యూ అంది. ఏమంటుంది మరి, శవాన్ని పెట్టుకుని తగవు పడుతుందా.

యునీస్ సొంత దేశం వదిలి నర్సింగ్ చదవడానికి వచ్చింది, ఆమె భర్త లా చదవడానికి, లండన్లో ఒక్క గది, వాళ్ల ఊరి నుంచి వచ్చే డబ్బు గది అద్దెకే చాలదు, పగలు చదువు, రాత్రి డ్యూటీ. అప్పట్లో వాళ్ల దేశపు విద్యార్థులంతా చేసినట్టే పత్రికలో ప్రకటన ఇచ్చారు, పాపకి మంచి ఇల్లు కావాలి, చదువు అయ్యాక తీసుకెళ్తాం అని. పిల్లని వేరే ఇంట్లో వదలడం వాళ్లకి కొత్త కాదు, వాళ్ల ఊళ్లో మేనత్త దగ్గరో అమ్మమ్మ దగ్గరో పిల్లలు పెరగడం మామూలే, పెంచినవాళ్లకి పెంచినందుకు గౌరవం ఉంటుంది, పిల్ల మాత్రం కన్నవాళ్లదే. జీన్‌కి ఆ లెక్క ఎవరు చెప్తారు? మూడు నెలల పిల్లని చేతిలో పెట్టారు, పిల్ల ఆమెని చూసి నవ్వింది, ఆమెకి పిల్లలు లేరు. ఇంకేం కావాలి.

యునీస్ రైలెక్కి వచ్చేది. గుర్తున్నది కాస్తే: పొడుగు కోటు, చెవులకి ఎర్ర రాళ్లు, ఏదో నూనె వాసన, రేకు డబ్బాలో ఎర్రటి అన్నం. ఒకసారి ఆ అన్నం నోట్లో పెట్టుకుని కారానికి ఏడిస్తే, జీన్ ఆ పళ్లెం తీసుకెళ్లి అన్నాన్ని నీళ్లలో కడిగి, వెన్న కలిపి తెచ్చింది. కడిగిన అన్నం పిల్ల తింటుంటే యునీస్ చూస్తూ కూర్చుంది. "ఆంటీకి ముద్దు పెట్టమ్మా" అనేది జీన్ ఆమె వెళ్లేటప్పుడు. ఆంటీ! తర్వాత చదువులయ్యాయి, పిల్లని ఇవ్వండి, ఊరెళ్లిపోతున్నాం అన్నారు, జీన్ ఇవ్వనంది, కోర్టు. కోర్టు వసారాలో బల్ల మీద ఒక చివర జీన్, ఒక చివర యునీస్, మధ్యలో తెల్ల మేజోళ్లతో తను, ఇద్దరూ చాక్లెట్లు ఇచ్చారు, తను జీన్‌ది తింది, యునీస్‌ది జేబులో పెట్టుకుంది. ఇంత పెరిగాక పంపిస్తే అక్కడ ఈ పిల్ల పరాయిదైపోతుంది అన్నాడట జడ్జి. ఇక్కడ పరాయిది కాదని ఆయనకి ఎవరు చెప్పారో. జేబులో చాక్లెట్ కరిగి కోటంతా పాడైంది, జీన్ ఆ మరక వదిలించడానికి నానా తంటాలు పడింది.

ఎప్పుడు నిండిందో హాలు నిండింది. నాలుగు దాటాక ఒక్కసారిగా ఊరంతా వచ్చిపడ్డట్టు ఆడవాళ్లు, మగవాళ్లు, చంకలో పిల్లలు, ఘుమఘుమలు, డప్పులు, నవ్వులు, కింద పడ్డ గ్లాసులు. కుటుంబం వాళ్లంతా ఒకే తానులోంచి కోసిన నీలం గుడ్డ కట్టుకున్నారు, గౌనైనా అదే, లాల్చీ అయినా అదే, పసిపిల్ల టోపీ కూడా అదే, ఎక్కడ చూసినా నీలమే. ఎవరు అయినవాళ్లో ఎవరు కానివాళ్లో గుడ్డే చెప్పేస్తుంది. హిలరీ తన నల్ల చేతుల్ని, నల్ల గౌనుని బల్ల కిందికి జరుపుకుంది. ఎదుటి కుర్చీలోకి ఒక ముసలావిడ ఉస్సురంటూ కూలబడింది, చేతికర్ర బల్లకి ఆనించింది, వచ్చేపోయేవాళ్లంతా ఆవిణ్ని బొసెడె వాళ్లమ్మా అని పలకరించి, మోకాలు వంచి దణ్ణం పెట్టి వెళ్తున్నారు. ఆవిడ హిలరీని పైనుంచి కిందికి చూసింది.

"ఎవరు పోయారని తల్లీ ఇంత నల్లగా వచ్చావు?"

హిలరీ ఫోటో వైపు చూపించింది.

"అదా! అది పోవడమా? ఎనభై దాటింది, మనవల చేత కాళ్లు పట్టించుకుంది, నిద్రలో వెళ్లిపోయింది. నేనూ అలాగే పోతానంటే ఇప్పుడే సంతకం పెడతాను. ఏడవాల్సింది కుర్రవాళ్లు పోతే. తిను, తిను, ఆ అరటిపండు ముక్కలు చల్లారితే బాగుండవు. ఇంతకీ ఎవరమ్మాయివి?"

"హిలరీ అండీ. బెక్స్‌హిల్ నుంచి."

"పేరడగలేదే, ఊరడగలేదే నేను. సరేలే. ఆఫీసు తరఫున వచ్చావా? ఇంటికొచ్చి మందులిచ్చే ఆఫీసు?"

హిలరీ తల ఊపింది. అవునని ఊపిందో కాదని ఊపిందో ఆవిడ పట్టించుకోలేదు, ఎవర్నో చూసి కేకేసింది. ఇద్దరు తల్లుల చావులకి వెళ్తే రెండు చోట్లా మందులిచ్చే మనిషినే అయ్యాను అనుకుంది, నవ్వొచ్చింది. పళ్లెంలో అన్నం ఎర్రగా ఉంది. కారం. కళ్లు చెమర్చాయి, కారానికే అని ఎవరైనా అనుకుంటారు, బాగానే ఉంది. ఇదే అన్నం యునీస్ ఇంట్లో కూడా.

ఒక్కసారే వెళ్లింది ఆ ఇంటికి. భర్త పోయాక యునీస్ మిగతా పిల్లల్ని తీసుకుని మళ్లీ లండన్ వచ్చిందని, ఇక్కడే ఉందని తెలియడానికి హిలరీకి నలభై అయిదో ఏడు రావలసి వచ్చింది. పదో అంతస్తు, లిఫ్ట్‌లో ఫినాయిల్ వాసన, తలుపు తీసిన మనిషి తనకంటే పొట్టి. కౌగిలించుకోలేదు. ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, పళ్లు చూడాలన్నట్టు నోటి వైపు చూసి, సన్నబడ్డావు అంది, సన్నబడ్డావట, ఎప్పటి నుంచి ఎప్పటికి! గోడల నిండా ఫోటోలు, నల్ల టోపీ, నల్ల గౌను, చేతిలో పట్టా, ఒకళ్ల పక్కన ఒకళ్లు. పిల్లలు పనులకి వెళ్లారు, సాయంత్రం దాకా రారు అంది యునీస్. ఎంత తిన్నా ఇంకా పెడుతూనే ఉంది. వానలు ఎక్కువయ్యాయనీ, రైళ్లు బాగాలేవనీ అయిపోయాక హిలరీ ఆ ప్రశ్న వేసింది. ముందు నుంచీ అనుకుని వెళ్లిన ప్రశ్నే, రైల్లో లోపల్లోపల వల్లె వేసుకున్నది. "మీకు ఎంతమంది పిల్లలు?" జీన్ నేర్పిన మర్యాద గొంతుతో, మామూలుగా, టీలో చక్కెర ఎంత అన్నట్టు అడిగింది. జవాబులో వచ్చే అంకె కోసం ఊపిరి బిగబట్టింది. గోడ మీద ఎన్ని ముఖాలున్నాయో అప్పటికే చూసుకుంది. దాని మీద ఒక్కటి, ఒక్కటి ఎక్కువ చెప్తే చాలు, ఇంకేమీ అడగదు, కోర్టు సంగతి అడగదు, తర్వాత ఒక్క ఉత్తరమైనా ఎందుకు రాలేదో అడగదు.

యునీస్ చెప్పలేదు. ముఖం తలుపు మూసినట్టు మూసుకుపోయింది. పెదవులు రెండూ లోపలికి మడుచుకుని, హిలరీ వైపు కాకుండా కిటికీ వైపు చూసి, లేచి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడు. తిరిగి వచ్చి, చేపలో అన్నిటికంటే పెద్ద ముక్క, తల ముక్క, హిలరీ పళ్లెంలో వేసి, తను తినకుండా ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంది. ఆ చేప కళ్లు. ఒక్క ముద్ద కూడా దిగలేదు. రైలుకి టైమైందని అబద్ధం చెప్పి లేచింది, లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగింది, రైల్లో గోడ వైపు తిరిగి ఏడ్చింది. అంకె చెప్పడానికి కూడా నోరు రాలేదు ఆవిడకి. నన్ను కలిపితే అబద్ధమవుతుంది, కలపకపోతే నా ముఖం మీద అన్నట్టవుతుంది, అందుకే నోరు మూసుకుంది అని తేల్చుకుంది హిలరీ. తేల్చుకున్నాక ఇంక మనసు మార్చుకోలేదు, ఆ మొండితనం జీన్ పెంపకమో యునీస్ రక్తమో.

తర్వాత ఫోన్లు వచ్చేవి. ఆదివారాలు, చర్చి అయ్యాక కాబోలు. మోగనిచ్చేది. వంటింటి బల్ల మీద ఫోన్ గిరగిరా తిరుగుతూ మోగుతుంటే గిన్నెలు తోముకుంటూ నిలబడేది. ఆగిపోయాక అందులో రికార్డయిన గొంతు వినేది, మూడు నాలుగు మాటలు, తిన్నావా, చలిగా ఉంది, కోటు వేసుకో. పొద్దున్నే దేవుడి పేరు తలుచుకో. తిరిగి ఒక్కసారి చేయాలని ఎన్నిసార్లు అనిపించిందో, చేస్తే మళ్లీ ఆ ప్రశ్న అడుగుతానేమోనని భయం, ఆవిడ మళ్లీ కిటికీ వైపు చూస్తుందేమోనని భయం. ఆఖర్న ఆదివారాలు ఊరికే గడిచిపోయాయి. ఒంట్లో బాగాలేదని ఎవరు చెప్తారు, చెప్పడానికి ఎవరున్నారు మధ్యలో.

బల్ల దగ్గరికి ఒక తెల్ల కుర్రాడు వచ్చి కూర్చున్నాడు, మూయివాతో కలిసి పనిచేస్తాడట, గ్యారెత్ అట, మొహం కారానికి కందగడ్డలా అయింది, మంచినీళ్లు తాగుతున్నాడు. వేదిక ముందు నీలం గుడ్డలు ఆడుతున్నాయి, మైకతను ఏదో అంటే అందరూ ఘొల్లుమన్నారు. గ్యారెత్ మర్యాదగా ముసలావిడ వైపు వంగాడు.

"పెద్ద కుటుంబమేనండీ! ఆవిడకి మొత్తం ఎంతమంది పిల్లలు?"

హిలరీ చేతిలో చెంచా ఆగిపోయింది. బొసెడె వాళ్లమ్మ తన చెంచా కింద పెట్టింది.

"బాబూ, నువ్వు మంచివాడిలా ఉన్నావు కాబట్టి చెప్తున్నాను. ఆ మాట మావాళ్లని ఎవర్నీ అడక్కు."

"అయ్యో, తప్పుగా..."

"తప్పే. కోళ్లా, మేకలా లెక్కపెట్టడానికి? ఏ తల్లీ తన నోటితో తన పిల్లల్ని లెక్కపెట్టదు. లెక్కపెడితే తన దిష్టి తనే పిల్లలకి పెట్టినట్టు. నన్ను ఎవరు అడిగినా వినపడనట్టు లేచి వెళ్లిపోతాను."

"మరి ఆస్పత్రిలో అడిగితే ఏం చెప్తారండీ?" అన్నాడు గ్యారెత్, నిజంగా తెలుసుకుందామని.

"చాలామంది అంటాం. దేవుడిచ్చినంతమంది అంటాం. ఈవిడైతే అదీ అనేది కాదు" అని గడ్డంతో ఫోటో వైపు చూపించింది. "మొన్న ఆస్పత్రిలో నర్సు పిల్ల అడిగితే గోడ వైపు తిరిగి పడుకుంది. పాపం ఆ పిల్ల హడలిపోయింది, నేనే ఏదో సర్దిచెప్పి పంపించాను. పోనీలే, నీళ్లు కాదు బాబూ, పాలు తాగు, కారం తగ్గుతుంది."

డప్పు మోగుతూనే ఉంది. గ్యారెత్ పాల కోసం లేచాడు, ముసలావిడ మళ్లీ చెంచా తీసుకుంది, ఎవరికీ ఏమీ కాలేదు, హిలరీకి మాత్రం కుర్చీ కిందనుంచి నేల జారిపోయినట్టుంది. గోడ వైపు తిరిగి పడుకుందట. కిటికీ వైపు చూసింది. నర్సు అడిగినా అంతే, నేను అడిగినా అంతే. మూసుకున్న ఆ పెదవులు, వంటింట్లోకి ఆ పరుగు, గిన్నెల చప్పుడు, నా కోసం, నాకు దిష్టి తగలకుండా, ఆ చేప తల ముక్క, పెద్ద ముక్క, ఇంట్లో పెద్దదానికి వేసే ముక్క. ఎదురుగా కూర్చుని ఎందుకు చూసింది? తింటానా లేదా అని చూసింది. కడిగిన అన్నం తింటుంటే చూసినట్టే చూసింది. నేను లేచొచ్చేశాను. ఎన్ని ఆదివారాలు, గిన్నెలు తోముకుంటూ, ఎన్ని! తిన్నావా అని అడిగింది, అన్నిసార్లూ అదే అడిగింది, అమ్మా, తినలేదు, నేను ఆ రోజు తినలేదు. ఎవరికైనా చెప్పాలి. ముసలావిడ చెయ్యి పట్టుకుని చెప్పేస్తే? ఏమని? నేను ఆఫీసు మనిషిని కాదండీ అనా? నోరు తెరిచింది, హాలంతా చప్పట్లు, ఆ చప్పట్లలో ఆమె అన్న మాట ఆమెకే వినపడలేదు. "ఏమిటమ్మా?" అంది ముసలావిడ చెవి దగ్గరికి చెయ్యి పెట్టి. "ఏం లేదండీ" అంది హిలరీ. ఏడుపు ఆగడం లేదు. బొసెడె వాళ్లమ్మ కాగితం రుమాళ్ల కట్ట ఆమె వైపు తోసింది.

"అమ్మ పిల్లలందరూ రండి, ఫోటో!" అని మైకులో పిలిచారు. నీలం గుడ్డలు వేదిక వైపు కదిలాయి. ఎవరి భుజం మీదో ఎవరో చెయ్యి వేశారు, ఎవరో ఎవరినో ముందుకి తోశారు. ఇరవై ఏళ్ల పిల్ల ఒకతె, తలగుడ్డ జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, చుట్టూ చూసి, నీలం కట్టుకోని మనిషి కనపడగానే పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీ, ప్లీజ్, నా ఫోన్లో కూడా ఒక్కటి తీస్తారా? నాన్న, అత్తలు, బాబాయిలు అందరిదీ. మాలో ఎవరు తీసినా వాళ్లు ఫోటోలో ఉండరు కదా!"

హిలరీ లేచింది. ఎందుకు లేచిందో తెలియదు, ఫోన్ చేతిలో పెట్టాక పట్టుకోక తప్పదు. బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ వేదిక దాకా వెళ్లింది, ఇంత దగ్గరగా వెళ్తానని పొద్దున అనుకోలేదు. ఫోన్ అద్దంలో వాళ్లు కనపడ్డారు. నవ్వుతున్నారు, అందరికీ ముందు పళ్ల మధ్య సందు, ఒకే సందు, వెనక ఫోటోలో యునీస్‌కీ అదే. హిలరీ నాలుక తన పళ్ల వెనక్కి వెళ్లింది. పదమూడో ఏట జీన్ ఎంతో ఖర్చు పెట్టి తీగ వేయించి ఆ సందు మూయించింది. అందుకా ఆ రోజు తలుపు తీసి నోటి వైపు చూసింది, అందుకా.

మధ్యలో పొడుగ్గా ఉన్నవాడు మూయివా అయి ఉండాలి. రెండు చేతులూ చాపి అటూ ఇటూ అందరినీ దగ్గరికి లాక్కుంటున్నాడు.

"ఇంకొంచెం వెనక్కెళ్లండి ఆంటీ, చివరివాళ్లు పడటం లేదు" అంది పిల్ల.

హిలరీ వెనక్కి ఒకడుగు వేసింది. వాళ్లంతా చిన్నగా అయ్యారు, అద్దంలో పక్కన కాస్త ఖాళీ వచ్చింది. వేలు బొత్తాం దాకా వెళ్లి ఆగింది.

"అందరం వచ్చామా ఆంటీ? చూసి చెప్పండి!" అని అరిచాడు మూయివా, డప్పు చప్పుడు మీదుగా.

"లేదు" అంది హిలరీ.

ఈసారి గట్టిగానే అంది, ముందు వరస దాకా వినపడింది. మూయివా చేతులు అలాగే చాపి ఉంచి, నవ్వు ముఖంతోనే అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ఎవరు తక్కువయ్యారా అని వాళ్లంతా ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకుంటున్నారు.